రాలిన తావత్తు

“మీ కంప్యూటరు సంగతులు నాకొద్దండి. క్రీస్తు పేరులో తావత్తు ఏమైందో ముందు అది చెప్పండి!”

ఎజ్రా చెప్పులైనా విప్పకుండా షాపులోకి వచ్చేశాడు. షాపంటే అహరోను ఇంటి ముందుగదే. కొల్లేరు లంకలో ఉన్న మందిరానికి ఎజ్రా సంఘ పెద్ద. లంక నుంచి ఆకివీడుకి ఆటో, ఆకివీడు నుంచి ఏలూరుకి బస్సు. దారి పొడుగునా పెంచుకుంటూ వచ్చిన కోపం అది. అంత తేలిగ్గా దిగేది కాదు.

చేతిలో ఉన్న ఫొటో తీసి అహరోను ముందు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

మందిరం గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీ ఆర్చి అది. నీలం మీద తెల్లటి పెద్ద పెద్ద అక్షరాలు. ‘క్రీసు మందిరం శతవార్షికోత్సవం’ అని ఒక వరస. దాని కింద ‘సువార మహాసభలకు స్వాగతం’ అని ఇంకో వరస. అక్కడితో ఫొటో తెగిపోయింది.

అహరోను ఫొటోని కళ్ళజోడు దగ్గరకి తెచ్చుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. నలభై ఏళ్ళు కుంచె పట్టి బోర్డులు రాసిన మనిషి. చేతికి వణుకు వచ్చాక కుంచె కడిగి అటక మీద పెట్టి, కొడుక్కి కంప్యూటరు కొనిపెట్టాడు. ఎక్కడైనా అక్షరం తప్పు కనిపిస్తే ఆయనకి అన్నంలో రాయి పంటికి తగిలినట్టుంటుంది. అలాంటిది, పుట్టి పెరిగిన ఊరి మందిరం మీద, తన షాపు నుంచి వెళ్ళిన పనిలో!

“పొద్దున్నే చేపల లారీవాళ్ళు బండి ఆపి మరీ చదువుతున్నారండి,” అన్నాడు ఎజ్రా. “‘ఈ క్రీసు ఎవరండీ, కొత్తగా వచ్చాడా?’ అని మా పిల్లల్ని అడుగుతున్నారు. నూరేళ్ళ మందిరం! ఇటుకలు పడవల మీద వేసుకొచ్చి కట్టిన మందిరం! వచ్చే వారం ఎక్కడెక్కణ్ణుంచో పాస్టరు అయ్యగార్లు వస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని ఆ ఆర్చి కింద నుంచి తీసుకెళ్ళమంటారు?”

“ఎవరు చేశారిది?” అన్నాడు అహరోను. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచలేదంటే కోపం బాగా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

కొడుకు నెహెమ్యా మోనిటరు ముందు నుంచి ఇటు తిరగలేదు. “పెర్సిస్ చేసింది నాన్నగారూ. ఇలస్ట్రేటర్ అని బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉంది, అందులో చేసింది. అందరూ వాడే కోరెల్‌లో చెయ్యమని మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నాను. వినలేదు.”

మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాటుతున్న పెర్సిస్ అక్కడే ఆగిపోయింది. నెహెమ్యాతో పెళ్ళయి నాలుగేళ్ళు. వట్లూరు కాలేజీలో వారానికి మూడు రోజులు మల్టీమీడియా క్లాసులు చెప్పి వచ్చి, మిగతా రోజులు ఈ షాపులోనే కూర్చుంటుంది. తన పని ఎవరు మెచ్చుకున్నా నెహెమ్యా ఏనాడూ ఆమె పేరు ఎత్తింది లేదు. ఇవాళ అడగగానే ఎత్తాడు.

“నేనిచ్చిన ఫైల్లో ఆ తప్పు లేదండి,” అంది.

“ఫొటోలో ఉంది కదమ్మా!” అన్నాడు ఎజ్రా. “ఫొటో అబద్ధం చెబుతుందా?”

“ఫొటో సంగతి కాదండి...”

“మన సంఘం పద్ధతి నీకు తెలుసు. సంఘానికి తలవంపులు తెచ్చినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి, తన పేరు తను చెప్పి, తన తప్పు తన నోటితో ఒప్పుకోవాలి. మా నాన్న కూడా ఒకసారి లేచి నిలబడ్డాడు. ఆడా మగా తేడా లేదు. ఆ ఒప్పుకోలు అయ్యేదాకా ఆర్చి దించం. దుప్పటి కప్పి ఉంచుతాం. తర్వాతే కొత్త ఫ్లెక్సీ.”

ఆ మాట అని ఎజ్రా మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అహరోను కంప్యూటరు వైపు వేలు చూపించాడు.

“తీసెయ్,” అన్నాడు అహరోను.

“ఏది నాన్నగారూ?”

“ఆ ఇలస్ట్రేటరో ఏదో. ఆ యంత్రంలోంచి తీసెయ్. ఈ ఇంట్లో ఇంక ఒకటే ఉండాలి.”

పెర్సిస్ గ్లాసు బల్ల మీద పెట్టింది. “మావయ్యగారూ, ఒక్క మాట వింటారా?”

“వింటానమ్మా. దేవుడి పేరు తప్పుగా పోయాక వినడానికేం మిగిలిందో చెప్పు, వింటాను.”

“కోరెల్ చెడ్డదని నేనెప్పుడూ అనలేదండి. శుభలేఖలకీ కరపత్రాలకీ దానంత సుఖం ఇంకోటి లేదు. పది రకాలు ఒకే ఫైల్లో పేజీలుగా పెట్టుకోవచ్చు. ఆయన చెయ్యి దాని మీద పరిగెడుతుంది, నా చెయ్యి పరిగెత్తదు. నూరేళ్ళ చిహ్నం సంగతి వేరు కదండీ. పడవా, పుస్తకమూ కలిపి గీసిన ఆ బొమ్మ ఆర్చి మీద నిలువెత్తున ఉండాలి, సావనీరు పుస్తకం అట్ట మీద అరచేయంత ఉండాలి, వెబ్‌సైట్‌లో గోరంత ఉండాలి. ఎంత పెంచినా ఎంత తగ్గించినా గీత చెదరకూడదు. అలాంటి గీతకి నా చెయ్యి ఇలస్ట్రేటర్‌లో కుదిరింది. కాలేజీలో పిల్లలకి ఇంక్‌స్కేప్ అని ఇంకోటి చెబుతున్నాను, ఊరికే దొరుకుతుందని. వెబ్‌కి అదీ బాగానే పనికొస్తోంది. ఏ పనికి ఏది అనువో అది పట్టుకోవాలి గానీ, ఒకటే ఉండాలంటే ఎలాగండీ?”

“లెక్చరు బాగుంది,” అన్నాడు నెహెమ్యా. “వట్లూరులో పిల్లలకి చెప్పు. ఏలూరులో ఏ ప్రెస్సుకెళ్ళినా కోరెల్ ఫైలే అడుగుతారు. పవర్‌పేట నుంచి ఆర్.ఆర్.పేట దాకా అందరూ తెలివితక్కువవాళ్ళూ, నువ్వొక్కదానివే తెలివైనదానివీనా?”

“మీరెందుకండీ అంత గట్టిగా మాట్లాడుతున్నారు?”

“తప్పు చేసినదానివి నువ్వు, నేను మెల్లిగా మాట్లాడాలా?”

“చెయ్యలేదంటున్నాను కదా!”

ఆ అరుపుకి పెర్సిస్ తనే ఉలిక్కిపడింది. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆమె గొంతు అంత లేవడం అదే మొదటిసారి. అహరోను లేచి, ఎవరివైపూ చూడకుండా, చొక్కా తగిలించుకుని బజారులోకి వెళ్ళిపోయాడు.

నెహెమ్యా మౌసు పట్టుకుని ఇలస్ట్రేటర్ గుర్తు మీద పెట్టాడు. తీసెయ్యమంటావా అని కంప్యూటరు అడిగింది. తీసెయ్యమన్నాడు.

*

పెరట్లో అత్తగారు దానమ్మ బూడిద చల్లి కొరమీను పొలుసు తీస్తోంది. అంతా విన్నదని ఆవిడ చేతుల వేగమే చెబుతోంది. పెర్సిస్ వచ్చి పక్కన పీట మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ అవి ఏడుపువి కావు, ఒళ్ళు మండి వచ్చినవి.

“నేను చెయ్యలేదు అత్తయ్యగారూ.”

“నాకు మీ కంప్యూటర్లు తెలియవమ్మాయ్,” అంది దానమ్మ తలెత్తకుండా. “వాడిది పాత కత్తిపీట, నీది కొత్త కత్తిపీట, అంతేగా గొడవ? ఏ కత్తిపీట అయితేనేం, కోసేటప్పుడు కడుపులో చేదుతిత్తి పగిలిందంటే కూరంతా చేదే. కత్తిపీట మీద అరిచి లాభం లేదు. పగిలినప్పుడు చేప ఎవరి చేతిలో ఉందో చూడు.”

ఎవరి చేతిలో ఉంది?

పెర్సిస్ లోపల ఏదో టక్కున ఆగింది. అసలు వత్తు ఎలా రాలుతుంది?

ప్రెస్సుకి ఇచ్చే ముందు ఆమె ప్రతి అక్షరాన్నీ బొమ్మగా మార్చేస్తుంది. కోరెల్‌వాళ్ళు దాన్ని కర్వ్స్ చెయ్యడం అంటారు, ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్స్ అంటారు. రెండూ ఒకటే. అలా మార్చాక ‘స్తు’ అనేది టైపు చేసిన అక్షరం కాదు, గీసిన బొమ్మ. ఏ కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రోగ్రాంలో తెరిచినా బొమ్మలోంచి వత్తు ఊడిపోదు. ఊడిపోవాలంటే అది టైపు అక్షరంగా ఉండగానే ఒక ప్రోగ్రాంలోంచి ఇంకో ప్రోగ్రాంలోకి మార్చి ఉండాలి. తెలుగు ఫాంటులో ఏదో ఒక వత్తు ఆ మార్పిడిలో జారిపోవడం ప్రెస్సువాళ్ళందరికీ తెలిసిన బాధే. అందుకే కదా బొమ్మ చేసి ఇవ్వడం!

క్రీస్తులో తావత్తు, సువార్తలో తావత్తు. మిగతా వత్తులన్నీ ఉన్నాయి. అంటే ఆమె ఇచ్చిన ఫైలు ప్రెస్సుకి వెళ్ళనే లేదు. తప్పులు దిద్దుకోడానికి విడిగా దాచుకున్న టైపు ఫైలు ఎవరో తీశారు.

ఎవరో ఏమిటి! ఆ గదిలో కూర్చునేది ఇద్దరే.

*

శనివారం మధ్యాహ్నం నెహెమ్యా భోజనం చేసి షాపులోకి వచ్చేసరికి పెర్సిస్ కుర్చీలో కూర్చుని ఉంది. మోనిటరు మీద కోరెల్ తెరిచి ఉంది. అందులో ఆర్చి ఉంది.

“మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి సేవ్ చేశారండి ఇది,” అంది. “మంగళవారం నాలుగూ పదికి నేను వట్లూరులో క్లాసులో ఉన్నాను.”

నెహెమ్యా చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోనే ఆగాడు.

“నేనిచ్చిన ఫైలు కోరెల్‌లో తెరిచారు. అక్షరాలన్నీ బొమ్మలుగా కనబడ్డాయి. మీరు మార్చాలనుకున్నది టైపు చేసి దిద్దడానికి వీలు కాలేదు. అందుకని నా టైపు ఫైలు తీశారు. ప్రెస్సుకి పంపే తొందరలో పై వరసలు చదవలేదు. ఫ్లెక్సీ చుట్ట విప్పకుండానే బస్సుకి వేశారు. ఎందుకు తీశారా అని రెండు రోజులు ఆలోచించాను. పై వరసలన్నీ నేను రాసినవే. ఒక్క మాట మీరు మార్చలేదు. మరి ఎందుకు తీసినట్టు?”

“పెర్సిస్, ఇప్పుడు అవన్నీ...”

“కింద చూశాను.”

ఆర్చి కింది అంచు దగ్గరకి ఆమె బొమ్మని పెంచింది. ఆ చోట ఆమె వేసుకున్న వరస చీమ తలకాయంత. ‘డిజైన్: పెర్సిస్’. చూడాలనుకున్నవాళ్ళకి తప్ప కనబడదు. ఇప్పుడు అక్కడ అది లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, పసుపు పట్టీ మీద ఎర్రటి అక్షరాల్లో ఇలా ఉంది: ‘డిజైనింగ్: నెహెమ్యా, అహరోను ఆర్ట్స్, ఏలూరు’. పక్కన సెల్ నంబరు.

ఫ్లెక్సీలో కింది వరస ఎవరూ చదవరు, పేరు వేయించుకున్నవాళ్ళు తప్ప. లంకలో ఇంతమంది చూశారు, వత్తు పోయిందని గోల పెట్టారు, పేరు పోయిందని ఒక్కళ్ళూ చూడలేదు.

“షాపు పేరు ఉండాలి కదా,” అన్నాడు నెహెమ్యా. “ఫోన్ నంబరు లేకపోతే ఆర్డర్లెలా వస్తాయి?”

“షాపు పేరు వేసుకోండి, నంబరు వేసుకోండి. నేను కాదన్నానా? నా పేరు ఎందుకు తీశారు?”

“తియ్యాలని తియ్యలేదు...”

“దానంతటదే రాలిపోయిందా, తావత్తులాగా?”

నెహెమ్యా మొహం ఎర్రబడింది. “ప్రెస్సులో ఏమంటున్నారో తెలుసా నీకు? ‘మీ ఆవిడ డిజైన్లు వేస్తుంది, నువ్వు మౌసు తుడుస్తావా?’ అన్నారు. అందరి ముందూ నవ్వారు. మా నాన్న పేరు మీద షాపు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ రంగుల మధ్యే పెరిగాను. నువ్వొచ్చి నాలుగేళ్ళేగా అయింది, ఎవరొచ్చినా ‘అమ్మగారు లేరా?’ అంటారు. నా మందిరం మీద, నా ఊళ్ళో కూడా నీ పేరేనా?”

ఇంతకాలానికి ఒక నిజం చెప్పాడు. పెర్సిస్‌కి ఒక్క క్షణం జాలి వేసింది. ఆ జాలి మీద కూడా కోపమే వచ్చింది.

“అది నాకు చెప్పాల్సిందండీ. ‘నీ పేరు వద్దు, నాకు కష్టంగా ఉంది’ అనాల్సింది. పోట్లాడేదాన్ని. అయినా మొహం మీద చెప్పినట్టుండేది. నేను లేనప్పుడు తీశారు.”

నెహెమ్యా కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “సరే, నాదే పొరపాటు. నీ దగ్గర ఒప్పుకుంటున్నాను కదా. రేపు మాత్రం నువ్వే లే. రెండు నిమిషాల పని. ‘కొత్త సాఫ్ట్‌వేరు, తెలియక జరిగింది’ అను. ఆడపిల్లవి, నిన్నెవరూ ఏమీ అనరు, అయ్యో పాపం అంటారు. నేను లేస్తే ఇంక ఆ ఊళ్ళో తలెత్తుకోగలనా? నాన్నగారు తట్టుకుంటారా?”

పెర్సిస్ మౌసు వదిలేసి అతని వైపు తిరిగింది. కోపం అంటే ఇంత చల్లగా కూడా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

“పనికి నా పేరు అక్కర్లేకపోయింది. తప్పుకి కావాల్సొచ్చింది. అంతేనాండీ?”

బయట అరుగు మీద ఎవరో దగ్గారు. అహరోను ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, ఎంత విన్నాడో తెలియదు. గుమ్మంలోకి వచ్చి కోడలి వంక మాత్రమే చూశాడు.

“రేపు ఏం చెబుతావమ్మా?”

“ఉన్నదే చెబుతానండి.”

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. అది సరే అన్న ఊపో, వద్దన్న ఊపో ఆమెకి అర్థం కాలేదు.

*

ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలకి నలుగురూ లంకలో ఆటో దిగారు. చెరువు గట్ల మీద మేత బస్తాలు దింపుతున్నారు, గాలంతా చేపల వాసన.

ఆర్చికి రెండు వైపులా ఒకటే ఫ్లెక్సీ కట్టారు. రెండు వైపులా పై వరసల మీద దుప్పట్లు కప్పి పురికొసలతో బిగించారు. అహరోను తలొంచుకుని దాని కింద నుంచి నడిచాడు. నెహెమ్యా ఇంకా గబగబా నడిచాడు.

మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, చాపలన్నీ నిండిపోయాయి. మామూలు ఆదివారం ఇంతమంది రారు. ఒప్పుకోలు ఉందని తెలిసి వచ్చినవాళ్ళే సగం మంది. పాటలయ్యాయి, బైబిలు వాక్యం చెప్పడం అయింది. ఎజ్రా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“మన మందిరానికి జరిగిన అవమానం మీకందరికీ తెలుసు. చేసినవాళ్ళు వచ్చారు. మన పద్ధతి ప్రకారం సంఘం ముందు లేచి తన పేరు చెప్పి, తన తప్పు తన నోటితో చెప్పాలి. పెర్సిస్, లేమ్మా.”

దానమ్మ పక్కనుంచి పెర్సిస్ లేచింది.

లేస్తూ మగవాళ్ళ వైపు చూసింది. ఆమె లేవగానే నెహెమ్యా భుజాలు కిందికి దిగాయి. ఊపిరి వదిలాడు. గండం గడిచిందన్న ఊపిరి. అది ఆమె కంటపడింది. అంతవరకూ ఇంకా ఏ మూలో కొంచెం సందేహం ఉంటే అది కూడా పోయింది.

“నా పేరు పెర్సిస్ అండి,” అంది.

“చెప్పమ్మా,” అన్నాడు ఎజ్రా.

“తప్పు చేస్తే ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదండి. ఆ ఆర్చి మీద చేసినవాళ్ళ పేరు రాసి ఉంది. మీరెవరైనా వెళ్ళి చదవండి. అక్కడ నా పేరుంటే ఇప్పుడే మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకుంటాను.”

మందిరమంతా తలుపు వైపు తిరిగింది. ఎండలో ఆర్చి కనబడుతోంది. దుప్పటి కింద, పసుపు పట్టీ మీద, ఎర్రటి వరస ఒక్కటే మిగిలి ఉంది. దేవుడి పేరు కప్పేశారు గానీ అది కప్పాలని ఎవరికీ తోచలేదు.

మగవాళ్ళ వైపు నుంచి లేచింది అహరోను. చాపల మధ్య నుంచి మెల్లిగా నడిచి గుమ్మం దాకా వెళ్ళాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. బోర్డు రాయడం అయ్యాక మెట్ల నిచ్చెన దిగి, రోడ్డు మీద నిలబడి ఒక్కో అక్షరం పైకి చదువుకోవడం ఆయనకి నలభై ఏళ్ళ అలవాటు. అలాగే చదివాడు.

“డి... జై... నింగ్... నె... హె... మ్యా.”



“పేరు చక్కగా పడిందండి ఎజ్రాగారూ,” అన్నాడు అహరోను ఇటు తిరక్కుండానే. “యావత్తు ఎక్కడికీ పోలేదు. ప్రభువు పేరులో వత్తు రాలింది గానీ, మావాడు తన పేరులో వత్తు జాగ్రత్తగానే చూసుకున్నాడు.”

ఎజ్రాకి అది చాల్లేదు. ఎవరి తప్పు వాళ్ళ నోటితోనే చెప్పాలి. నూరేళ్ళుగా అదే పద్ధతి. ఇంకొకరు చెప్తే చెల్లదు, తండ్రి చెప్పినా చెల్లదు.

అందరూ నెహెమ్యాని చూస్తున్నారు. అతను చాప పుల్లలు గిల్లుతున్నాడు.

“కూర్చోమ్మా పెర్సిస్,” అన్నాడు ఎజ్రా చివరికి.

“ఆయన లేచాక కూర్చుంటానండి,” అంది పెర్సిస్.